అటు 17 డిగ్రీలు, ఇటు 17 డిగ్రీలు

(కాకినాడలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం. చెప్పింది చెప్పినట్టే రాశాం. మళ్లీ మళ్లీ వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూచున్న పెద్దవాళ్లకి మరోసారి నమస్కారం. మీలో ఒకరిద్దరికి మా తాతయ్య తెలుసు. తాళ్లరేవులో ఓడలు కట్టిన వడ్రంగి. నాకు ఊహ తెలిసేసరికే ఆయన ఉలి వదిలేశారు, చేతులు వణికేవి. కానీ చెక్క మీద వేలితో కొట్టి, ఆ చప్పుడు విని, ఇది నీళ్లకి ఆగుతుందో ఆగదో చెప్పేవారు. నేను ఇవాళ పడవల గురించి మాట్లాడుతున్నానంటే ఆ చప్పుడు దగ్గరే మొదలైంది.

నేను ఆక్లాండులో నర్సుగా పనిచేస్తున్నాను. మా ఆయనకీ నాకూ కలిపి ఒక పాత తెరచాప పడవ ఉంది. 36 అడుగులు, తెరచాపలు కట్టే నిలువు కొయ్య ఒకటే, రెండు తెరచాపలు, చిన్న ఇంజను. దాని మీద న్యూజిలాండు నుంచి ఫిజీకి రెండుసార్లు వెళ్లాం, 2017లో ఒకసారి, 2019లో ఒకసారి. పది రోజుల సముద్రం. ఆ పది రోజుల కథ చెబుతానని అనుకుని వచ్చుంటారు. కానీ నేను ఒక్క రోజు గురించే చెబుతాను. 2019 జులైలో ఒక రోజు. ఆ రోజు మేం వెళ్లింది మొత్తం 10 నాటికల్ మైళ్లు, అంటే పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు. ఇక్కణ్ణుంచి యానాం అంతకన్నా దూరం.

ముందు ఆ చోటు ఎక్కడుందో చెప్పాలి. మన కాకినాడ భూమధ్యరేఖకి ఉత్తరాన 17 డిగ్రీల దగ్గర ఉంది. ఫిజీలో యసావా అని ఒక ద్వీపాల వరస ఉంది. పెద్ద ద్వీపం వీతి లెవుకి వాయవ్యంగా, సుమారు 80 కిలోమీటర్ల పొడవునా, అగ్నిపర్వతాలు వదిలి వెళ్లిన కొండలు. అందులో నవితి అనే ద్వీపం భూమధ్యరేఖకి దక్షిణాన 17 డిగ్రీల దగ్గర ఉంది. మనం ఇటు ఎంత దూరమో వాళ్లు అటు అంత దూరం. మనకి డిసెంబరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కదా, వాళ్లకి జులైలో ఉత్తరం వైపు వాలి ఉంటాడు. మన తుపాను గడియారానికి ఎదురు తిరుగుతుంది, వాళ్లది గడియారంతో పాటు తిరుగుతుంది. ఈ ఎదురుబొదురుతనం గుర్తుంచుకోండి. ఆ రోజు పొద్దున మేం ఎందుకు కదల్లేదో దీనితోనే అర్థమవుతుంది.

రెండు రాత్రులు వాయా అనే ద్వీపానికి ఉత్తరం వైపున, నలవాకి అనే బేలో లంగరు వేసుకుని ఉన్నాం. తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. గాలి చక్కగా ఉంది. మా ఆయన బయల్దేరదామన్నారు. నేను వద్దన్నాను. వద్దనడానికి కారణం పగడపు దిబ్బలు.

వాయా నుంచి నవితికి వెళ్లాలంటే ఈశాన్యం వైపు వెళ్లాలి. పొద్దున సూర్యుడూ ఈశాన్యానే ఉంటాడు. అంటే సూర్యుడికి ఎదురుగా వెళ్లడం. ఎండ నీళ్ల మీద పడి కళ్లలోకి కొడుతుంటే నీళ్లన్నీ ఒకటే వెండిరేకులా ఉంటాయి, కింద ఏముందో కనపడదు. సూర్యుడు పైకి వచ్చి, మధ్యాహ్నం దాటి మన పక్కకో వెనక్కో జరిగితే అదే నీరు అద్దంలా తెరుచుకుంటుంది. అందుకని దిబ్బల మధ్య తిరిగేవాళ్లు గాలిని చూసి కాదు, ఎండని చూసి బయల్దేరతారు. పదకొండు గంటలకి లంగరు తీసి, ఒంటిగంట దాటాక దిబ్బల దగ్గరికి చేరేలా లెక్క వేసుకున్నాం.

పటం ఉంది కదా, జీపీఎస్ ఉంది కదా అని కుర్రాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. జీపీఎస్ మీరెక్కడున్నారో కొద్ది మీటర్ల తేడాలో చెప్పేస్తుంది. దిబ్బ ఎక్కడుందో పటం చెప్పాలి. ఆ సముద్రాల పటాలకి పునాది చాలావరకు 19వ శతాబ్దంలో తాడుకి సీసం కట్టి లోతు కొలిచిన రోజుల్లో పడింది. అమెరికా నావికాధికారి విల్క్స్ ఓడల దండు ఫిజీని కొలిచింది 1840లో. వాళ్ల పని చూస్తే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ వాళ్లు చుక్కలని చూసి వేసిన గీతలకీ, ఉపగ్రహం చూపే చోటుకీ కొన్నిచోట్ల పొత్తు కుదరదు. తెర మీద మన పడవ కొండ మీద లంగరు వేసుకున్నట్టు కనిపించిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ఉపగ్రహ చిత్రాలు ముందే దించుకుని పెట్టుకుంటాం. వాటిలో దిబ్బ ఉన్నచోటే ఉంటుంది. అయినా చివరి మాట కళ్లదే.

ఆ కళ్లు నావి. దిబ్బల దగ్గరికి వచ్చేసరికి నేను కొయ్య మీద మొదటి అడ్డకర్ర దాకా ఎక్కి, నడుముకి పట్టీ కట్టుకుని, నీళ్ల మెరుపు కోసే కళ్లద్దాలు పెట్టుకుని నిలబడతాను. పైనుంచి చూస్తే నీటి లోతు రంగుల్లో కనిపిస్తుంది. ముదురు నీలం అంటే భయం లేదు, చాలా లోతు. నీలం పల్చబడి ఆకుపచ్చ కలిసిందంటే పది మీటర్ల లోపుకి వచ్చాం. పాలు కలిపినట్టు తెల్లటి పచ్చ అంటే కింద ఇసుక, రెండు మూడు మీటర్లు. మా పడవ అడుగున వేలాడే సీసపు బరువు దాదాపు రెండు మీటర్ల లోతుకి దిగి ఉంటుంది, కాబట్టి అక్కడే ఆగాలి. గోధుమరంగు, పసుపు కనిపిస్తే అది పగడం, నీటి పైకి వచ్చేసింది. ఇంత తేలికైతే బాగుండేది. మబ్బు నీడ కూడా పగడపు గుట్టలాగే ముదురుగా కనిపిస్తుంది. నీడైతే జరుగుతుంది, గుట్టైతే జరగదు. పడవ వేగం తగ్గించి ఒక నిమిషం చూస్తూ ఉండాలి. నాచు మొలిచిన ఇసుక ఇంకో మోసం. వీటిని విడదీసి చెప్పే పుస్తకం లేదు. నీళ్లనే చూసి చూసి నేర్చుకోవాలి, మా తాతయ్య చెక్క చప్పుడు నేర్చుకున్నట్టు.

ఇక గాలి. మన స్కూలు పుస్తకాల్లో వ్యాపార పవనాలు అని చదివాం. వ్యాపారం చేసే ఓడలకి పనికొచ్చాయి కాబట్టి ఆ పేరని మా మాస్టారు చెప్పారు. ఆ ఇంగ్లీషు మాటలోని ట్రేడ్‌కి పాత అర్థం బేరం కాదట. దారి అని. ఒకే దారిన వీచే గాలి. దాని కింద పడవ నడిపాక ఆ పాత అర్థమే సరైనదని నాకు అనిపించింది. మే నుంచి అక్టోబరు దాకా ఆగ్నేయం నుంచి రోజూ అదే గాలి, పదిహేను నాట్లు, ఇరవై నాట్లు. నాటు అంటే గంటకి ఒక నాటికల్ మైలు. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి పోతే ఆ ఖాళీలోకి దక్షిణం నుంచి వచ్చే గాలి, భూమి తిరగడం వల్ల ఎడమకి వంగి ఆగ్నేయపు గాలి అవుతుంది. మన వైపు కుడికి వంగి ఈశాన్యపు గాలి కావాలి. కానీ మనకి పక్కనే ఇంత పెద్ద భూమి వేడెక్కుతోంది కాబట్టి ఆర్నెల్లు ఆ లెక్క తిరగబడి నైరుతి వస్తుంది. వాళ్లకి చుట్టూ నీళ్లే. లెక్క తప్పదు.

మేం ఈశాన్యానికి, గాలి ఆగ్నేయం నుంచి. అంటే సరిగ్గా పక్కనుంచి తగులుతోంది. తెరచాప పడవకి ఇంతకన్నా సుఖమైన గాలి లేదు. పడవ ఒక పక్కకి ఒరిగి, ఆ ఒరుగు అలాగే నిలుపుకుని, ఆరు నాట్ల వేగంతో పోతుంది. వెనక ఒక గాలిరెక్క బిగించి ఉంటుంది. పడవ దారి తప్పితే గాలి ఆ రెక్కని వంచుతుంది, రెక్క తాళ్లు లాగుతుంది, తాళ్లు చుక్కానిని సరిచేస్తాయి. కరెంటు అక్కర్లేదు. చుక్కాని పట్టుకునే పని తప్పింది కాబట్టి నేను లోపల పప్పు పెట్టాను. నీళ్ల ట్యాంకు 300 లీటర్లే, అందుకని పప్పులో ఒక వంతు సముద్రం నీళ్లు పోస్తాను, ఉప్పు వెయ్యక్కర్లేదు. గిన్నెలు కడగడం కూడా సముద్రంతోనే.

ఆ నీళ్ల మీద మన పడవ ఏపాటిది? అక్కడివాళ్ల ద్రువా గురించి చెప్పాలి. రెండు పొట్టల పెద్ద ఓడ, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మధ్య వేదిక. గాలి ఎప్పుడూ చిన్న పొట్ట వైపు నుంచే తగలాలి. మరి తిరగాల్సి వస్తే? మనమైతే ముక్కు తిప్పుతాం. వాళ్లు ముక్కు తిప్పరు, తెరచాప మొదలుని ఈ కొసనుంచి ఆ కొసకి మోసుకెళ్తారు. ముక్కు తోక అవుతుంది, తోక ముక్కు అవుతుంది. అలాంటి ఓడ ఒకటి, 1913లో కట్టింది, రాతు ఫినావు అని, ఫిజీ రాజధాని సువాలో మ్యూజియంలో ఉంది. నేను దాని పక్కన మోకాళ్ల మీద కూచుని చాలాసేపు చూశాను. పలకలకి మేకులు లేవు. కొబ్బరి పీచు తాళ్లతో లోపలి వైపు నుంచి కుట్టి ఉన్నాయి. మన కోరమాండల్ తీరంలో మసూలా పడవల్ని కొబ్బరి తాళ్లతో కుట్టేవాళ్లు, మేకులుంటే అలల దెబ్బకి చీలిపోతాయని. భూమికి ఆ చివరా ఈ చివరా ఉన్న వడ్రంగులు ఒకరినొకరు చూడకుండానే ఒకే చోటికి వచ్చారు. మా తాతయ్య ఉంటే ఆ కుట్టు మీద వేలు పెట్టి నాకు చూపించేవారు.

1789లో నావికులు తిరగబడి బౌంటీ అనే ఇంగ్లీషు ఓడ నుంచి దింపేసిన కెప్టెన్ బ్లై 23 అడుగుల పడవలో ఈ చుట్టుపక్కల నీళ్ల మీదుగానే పోయాడు. అక్కడ రెండు పెద్ద ద్వీపాల మధ్య సముద్రాన్ని ఇప్పటికీ బ్లై వాటర్ అనే అంటారు. యసావాల దగ్గర రెండు ద్రువాలు వెంటపడితే బతుకుజీవుడా అని తప్పించుకున్నాడు. పుస్తకాల్లో ఆయన సాహసం గురించి రాస్తారు. నాకు మాత్రం ఆ ద్రువాల్లో ఉన్నవాళ్ల వైపు నుంచి ఆలోచన వస్తుంది. అడగకుండా తమ నీళ్లలోకి వచ్చిన పడవ అది. ఈ మాట ఎందుకన్నానో ఇంకాసేపట్లో చెబుతాను.

పన్నెండింటికి వెనక కట్టిన గాలం తాడు జర్రున సాగింది. ఇద్దరం కలిసి లాగాం. ఆరు కిలోలుంటుంది. వాళ్లు వాలు అంటారు. పైకి తీశాక చూస్తే మన వంజరమే, కోనెమే. అచ్చంగా అదే జాతి. (సభలో ఒకరు: గాలానికి ఏం కట్టారమ్మా?) ఎర్ర ప్లాస్టిక్ కుచ్చు, బాబాయిగారూ, చిన్న కణవలా ఉంటుంది. దిబ్బల్లో తిరిగే చేపల్ని మేం పట్టం. పగడం మీద పెరిగే ఒక సూక్ష్మజీవి విషం చిన్న చేపల్లోంచి పెద్ద చేపల్లోకి చేరుతుంది. సిగ్వాటెరా అంటారు. ఎంత ఉడికించినా పోదు. తిన్నవాళ్లకి చల్లటిది వేడిగా, వేడిది చల్లగా తోస్తుంది, నెలల తరబడి. నర్సుని కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ భయపడతాను. వంజరానికీ అది అసలు రాదని కాదు, పెద్ద చేపలకి వస్తుంది. ఏ చేప ఎక్కడ తినొచ్చో ఆ ఊరివాళ్లనే అడగాలి. చేపని తడిగుడ్డలో చుట్టి నీడలో పెట్టాం. ఆ చేప మళ్లీ వస్తుంది కథలోకి.

ఒంటిగంట దాటింది. సూర్యుడు ఎడం పక్కకి జరిగాడు. నేను కొయ్య ఎక్కాను. ముందు తెల్లటి నురగ గీత, దాని వెనక ఒక సందు, సందు లోపల నీలం. నేను చేత్తో ఎడమకి చూపిస్తే మా ఆయన ఎడమకి, కుడికి చూపిస్తే కుడికి. ఆ పది నిమిషాలూ ఇద్దరం మాట్లాడుకోం.

అక్కడ నిలబడిన ప్రతిసారీ నాకు సీరియా గుర్తొస్తుంది. ఓడ పేరు. 1884 మార్చిలో కలకత్తా నుంచి 497 మంది కూలీలతో బయల్దేరింది. తెరచాప ఓడే, ఆవిరిది కాదు. మే 11 రాత్రి ఫిజీలో నసిలాయ్ దిబ్బని కొట్టుకుంది. చీకటి, అలలు, ఓడ పక్కకి ఒరిగిపోయింది. 59 మంది పోయారు. మిగిలినవాళ్లని తీసుకొచ్చింది విలియం మెక్‌గ్రెగర్ అనే డాక్టరూ, ఆయనతో వెళ్లినవాళ్లూ, పడవలేసుకుని వచ్చిన నసిలాయ్ ఊరివాళ్లూ. ఆ ఓడలో ఉన్నవాళ్లకి దిబ్బ అంటే ఏమిటో తెలియదు. కొయ్య ఎక్కి నీళ్ల రంగు చూసే అవకాశం వాళ్లకి లేదు. చాలామంది అంతకుముందు సముద్రమే చూసి ఉండరు.

అప్పటికి మద్రాసు నుంచి ఓడలు మొదలవలేదు. 1879 నుంచి 1916 దాకా అరవై వేలమందికి పైగా గిర్మిట్ మీద ఫిజీ వెళ్లారు. గిర్మిట్ అంటే ఒప్పందం, అగ్రిమెంటు అన్న మాట వాళ్ల నోట్లో అలా మారింది. 1903 నుంచి మద్రాసు రేవులో ఎక్కించడం మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి వెళ్లినవాళ్లు సుమారు పదిహేను వేలు. ఆ కాగితాల్లో ఏ జిల్లాల పేర్లు ఎక్కువగా ఉన్నాయో తెలుసా? ఉత్తర ఆర్కాడు, మద్రాసు, కృష్ణ, గోదావరి, విశాఖపట్నం. గోదావరి అంటే మనమే. ఈ గదిలో ఉన్నవాళ్ల ముత్తాతల అన్నదమ్ములు అందులో ఉండొచ్చు.

వాయాకి వెళ్లడానికి ముందు లౌతోకా ఊళ్లో సంతకి వెళ్లాను. పెద్ద చక్కెర మిల్లు ఉన్న ఊరు, 1903 నుంచీ ఉంది. ఒక ముసలావిడ దగ్గర కరివేపాకూ మునక్కాయలూ కొన్నాను. నన్ను చూసి హిందీలో ఎక్కడిదానివని అడిగింది. కాకినాడ అన్నాను. ఆవిడకి ఊరు తెలియలేదు. తెలుగు అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, "అమ్మమ్మ" అంది. అంతే. ఆవిడకి మిగిలిన తెలుగు మాటల్లో అదొకటి. వాళ్ల అమ్మమ్మ విశాఖపట్నం నుంచి వచ్చిందట. నేను డబ్బులిస్తే తీసుకోలేదు. బలవంతంగా పెట్టి వచ్చాను. అదే సంతలో ఇంకో బల్ల దగ్గర అరకిలో యంగోనా, అంటే కవా మొక్క, వేళ్ల కట్ట కొన్నాను. పాత న్యూస్‌పేపర్లో చుట్టి రిబ్బను కట్టి ఇచ్చారు.

ఇప్పుడు ఆ వేళ్ల కట్ట పని. నవితిలో ఒక ఊరు ముందు, 12 మీటర్ల లోతులో, ఇసుక చూసుకుని లంగరు వేశాం. గొలుసు 50 మీటర్లు వదిలాం, లోతుకి నాలుగింతలు. అక్కడ ఇసుకలో కూడా అక్కడక్కడా పగడపు గుట్టలుంటాయి. గొలుసు వాటికి చుట్టుకుంటే వందేళ్ల పగడం ఒక్క రాత్రిలో విరుగుతుంది. అందుకని మొదటి పదిహేను మీటర్లూ ఇసుక మీద వదిలి, ఆ తర్వాతి గొలుసుకి తేలుడుబంతులు కట్టి నీళ్లలో వేలాడేలా చేస్తాం. (సభలోంచి ఒక పెద్దాయన: పట్టిందో లేదో ఎలా చూస్తారు?) మీరు చూసినట్టే చూస్తామండీ. గొలుసు మీద అరచెయ్యి పెడతాను. జారుతుంటే కింద రాళ్ల మీద బండి పోతున్నట్టు చేతికి తెలుస్తుంది. పట్టుకుంటే గొలుసు బిగిసి ఊరుకుంటుంది. ఒడ్డున ఒక కొబ్బరిచెట్టునీ దాని వెనక చర్చి మూలనీ ఒక వరసలో పెట్టుకుని చూస్తాను. ఆ వరస చెదరకూడదు. ఆ తర్వాత నీళ్లలో దిగి కళ్లతో చూసి వస్తాం.

తర్వాత స్నానం చేసి బట్టలు మార్చుకున్నాం. మోకాళ్ల కిందికి వచ్చే సులు అనే లుంగీ చుట్టుకుని, భుజాలు కప్పుకుని, టోపీలూ నల్లద్దాలూ పడవలోనే వదిలేసి, చిన్న రబ్బరు పడవలో ఒడ్డుకి వెళ్లాం. ఆ ఊరి పేరు చెప్పను, వాళ్ల ఇళ్లలో జరిగిన మాట కాబట్టి.

నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది ఈ భాగం చెప్పడానికే. సముద్రం ఎవరిదీ కాదని మనం పెరిగాం. గట్టుకి సరిహద్దు రాయి ఉంటుంది గానీ నీళ్లకి ఉండదు కదా. అక్కడ ఉంటుంది. తీరం నుంచి దిబ్బ అంచు దాకా, ఒక్కోచోట ఇంకా అవతల దాకా, ఆ నీళ్లూ ఆ దిబ్బా ఏ వంశానివో, ఏ ఊరివో లెక్క ఉంది. కోలికోలి అని రాస్తారు, ంగోలింగోలి అని పలుకుతారు. దేశం మొత్తం మీద అలాంటివి దాదాపు 400 నమోదై ఉన్నాయి. అంటే మీరు లంగరు వేసిన చోటు ఒకరి పెరడు. మీరు ఈత కొట్టేది వాళ్ల పెరట్లో. అందుకని ముందు వెళ్లి అడగాలి. ఆ అడగడాన్ని సెవుసెవు అంటారు.

2017లో మాకు ఇది తెలిసీ చెయ్యలేదు. సాయంత్రం ఆలస్యంగా ఒక బేలోకి వచ్చాం. ఊరు కనిపించలేదు, అలిసిపోయాం, పొద్దున వెళ్దామనుకున్నాం. పొద్దున ఎండ బాగుందని ముందు ఈతకి దిగాం. ఒక పెద్దాయన పడవలో వచ్చారు. తిట్టలేదు. మా పడవ పక్కన పట్టుకుని, ఎక్కడినుంచి వచ్చారు, రాత్రి బాగా నిద్రపట్టిందా అని అడిగారు. తర్వాత చాలా నెమ్మదిగా, కొండ అవతల మా ఊరుంది, నిన్నటినుంచీ మీకోసం చూస్తున్నాం అన్నారు. ఆ మాట నన్ను ఈ రోజుకీ వదల్లేదు. వాళ్లు మమ్మల్ని అతిథులనుకుని ఎదురుచూశారు. మేం వాళ్లని లెక్కలోకే తీసుకోలేదు.

2019కి వద్దాం. ఊరి వ్యవహారాలు చూసే ఆయన, తురంగా ని కోరో అంటారు, మమ్మల్ని పెద్ద ఇంట్లోకి తీసుకెళ్లారు. కింద తాటాకు చాపల్లాంటి చాపలు. మఠం వేసుకుని కూచున్నాం. వేళ్ల కట్ట చేతికి ఇవ్వకూడదు, ఆయన ముందు చాప మీద పెట్టాలి. ఆయన తీసుకుంటే మనల్ని ఒప్పుకున్నట్టు. పెట్టి చేతులు వెనక్కి తీసుకున్నాక ఒక క్షణం ఎవరూ కదల్లేదు. నా గుండె చప్పుడు నాకే వినిపించింది. తర్వాత ఆయన కట్ట అందుకున్నారు. వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడారు, ఆ కొండ పేరు, పెద్దల పేర్లు, మా పేర్లు కూడా వచ్చాయి. చివర్లో అందరూ గుప్పిటలా చేతులు పెట్టి బోలుగా చప్పట్లు కొట్టారు. అంతే, ఆ నీళ్లలో ఉన్నంతకాలం మా బాధ్యత వాళ్లది.

యంగోనా మిరియాల కుటుంబం. మన తమలపాకూ అదే కుటుంబం, శాస్త్రంలో ఒకే పైపర్ అన్న ఇంటిపేరు. మన ఇంట్లో శుభకార్యానికి పిలవాలన్నా, పెద్దవాళ్ల ముందు మాట పెట్టాలన్నా తాంబూలం పెట్టి అడుగుతాం. వాళ్లు అదే ఇంటి మొక్క వేళ్లు పెట్టి అడుగుతారు. వేళ్లు దంచి, నీళ్లలో పిసికి, తనోఆ అనే కొయ్య పళ్లెంలో కలిపి, కొబ్బరి చిప్పలో పోసి ఇచ్చారు. తీసుకునే ముందు ఒక చప్పట, "బుల" అనాలి, ఒక్క గుక్కలో తాగి మూడు చప్పట్లు. మట్టి వాసన, కొద్దిగా చేదు, పెదాలు తిమ్మిరెక్కుతాయి.

చేప కూడా తీసుకెళ్లాం. మొత్తం చేప. ఇంకో పెద్దాయన చూసి, ఎక్కడ పట్టారు అని అడిగారు. రెండు ద్వీపాల మధ్య, నడి కాలవలో అన్నాను. ఆయన తలూపి, అది మా అన్నగారి ఊరివాళ్ల నీళ్లు అన్నారు. నాకు నోట మాట రాలేదు. నేను ఎవరిదీ కాదనుకున్న నీటికి కూడా మనుషులున్నారు. ఆయన నవ్వి, మేం వాళ్లకి చెబుతాం, మీరు మాకు తెచ్చారుగా అన్నారు. ఆడవాళ్లు చేపని కోసి, సగం మాకే తిరిగిచ్చారు. అందులో కొంత నిమ్మరసంలో నానబెట్టి కొబ్బరిపాలు పోశారు, కొకోండా అంటారు, పొయ్యి మీద పెట్టరు. పక్కన ఉడికించిన దాలో, అంటే మన చామదుంప.

వాళ్ల ఇళ్లు కొన్ని కొత్తవి. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ అని ఐదో స్థాయి తుపాను ఫిజీని కొట్టింది, 44 మంది పోయారు. 1839లో మన కోరంగిని మింగిన తుపాను గురించి వాళ్లకి చెప్పాను. ఒకావిడ, మళ్లీ అక్కడే కట్టుకున్నారా అని అడిగింది. కొందరు కట్టుకున్నారు, రేవు మాత్రం మళ్లీ లేవలేదు అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు, నా పళ్లెంలో ఇంకో దుంప వేసింది.

చీకటి పడకముందే పడవకి వచ్చేశాం. ఆ అక్షాంశాల్లో జులైలో ఆరింటికల్లా పొద్దు పోతుంది, సంధ్య ఎక్కువసేపు నిలవదు. ఏడింటికి పైకి వచ్చి కొబ్బరిచెట్టూ చర్చి మూలా చూశాను. చర్చిలో లాంతరు వెలుగుతోంది, వరస చెదరలేదు.

ఆ బే ఉత్తరం వైపు తెరుచుకుని ఉంది. నేను అలవాటు కొద్దీ ధ్రువుడి కోసం చూశాను. ఇక్కడ మన మేడ మీదనుంచి చూస్తే ధ్రువుడు దిక్చక్రం మీద 17 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అక్కడ అంతే లోతున సముద్రం కింద ఉంటాడు. ఎప్పటికీ కనపడడు. దక్షిణాన ఆ ఎత్తులో చుక్కే లేదు, చీకటి జాగా, దాని మీద సిలువ ఆకారంలో నాలుగు చుక్కలు. కానీ ఉత్తరాన, నీళ్లకి కాస్త పైన, సప్తర్షుల తోక ఉంది. మూడు చుక్కలు. నడిమి చుక్క వశిష్ఠుడు. మా ఆయన్ని పిలిచాను. మా పెళ్లిలో పురోహితుడు చూపించినప్పుడు మబ్బు పట్టి ఉంది, కనపడకపోయినా చూశామని చెప్పేశాం. ఆ రాత్రి ఇద్దరం పడవ మీద నిలబడి, తాడు పట్టుకుని, వశిష్ఠుడి పక్కన అరుంధతిని చూశాం.